టముకు లేని తాఖీదు

మా చిన్నతనంలో ఊళ్ళో ఏ కబురైనా టముకు వేసి చెప్పేవారు. శిస్తు కట్టడానికి గడువు ఫలానా రోజు అనీ, చెరువుగట్టు పనికి ఇంటికొక మనిషి రావాలనీ, నాలుగు రోజులు ముందుగానే నాలుగు వీధుల్లోనూ వినబడేది. ఆ శిస్తు మనకు ఇష్టమా కాదా అన్నది వేరే సంగతి. తిట్టుకోవడానికైనా, అప్పు తెచ్చుకోవడానికైనా కాస్త వ్యవధి వుండేది. 2025లో అమెరికా ప్రభుత్వం వేసిన తాఖీదులు చూశాక ఆ టముకు విలువ నాకు తెలిసివచ్చింది. తాఖీదు పుట్టింది వాషింగ్టన్‌లోనే గాని, దాని దెబ్బ విజయనగరంలో మా పక్కింట్లో తగిలింది.

పక్కింటి చెల్లెమ్మగారి అబ్బాయి టెక్సాస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి పోయి రెండేళ్ళయింది. మహాలయ అమావాస్యకు ఇంట్లోనే తర్పణం విడవాలని సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. అమావాస్య సెప్టెంబరు 21, ఆదివారం. పురోహితుడికి చెప్పాం, నువ్వులూ దర్భలూ తెచ్చాం. శనివారం తెల్లవారకముందే అబ్బాయి ఫోను మోగింది.

అంతకు కొద్ది గంటల క్రితమే, అక్కడి లెక్కన శుక్రవారం, అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. హెచ్-1బి మీద బయటి నుంచి వచ్చేవారికోసం కంపెనీ లక్ష డాలర్లు కట్టాలట. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో దాదాపు 88 లక్షల రూపాయలు. అమలు ఎప్పటినుంచయ్యా అంటే, అక్కడ శనివారం అర్ధరాత్రి దాటిన మరుక్షణం నుంచి. అంటే మనకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. పాత వీసా వాళ్ళకు ఇది వర్తిస్తుందో లేదో ఎవరికీ తెలియదు. "ఎందుకైనా మంచిది, వెంటనే బయలుదేరు" అన్నారు కంపెనీవారు.

అబ్బాయి నా ముఖం చూశాడు. "మావయ్యగారూ, ఎంత పరుగెత్తినా గడువులోగా చేరను. వెళ్ళకపోతే ఉద్యోగం వుంటుందో వూడుతుందో తెలియదు. ఏం చేయమంటారు?" నేనేం చెప్పగలను? వాళ్ళమ్మే చెప్పింది. "ఉద్యోగం పోగొట్టుకుని తర్పణం విడవమని మీ నాన్న అడగరు. వెళ్ళు నాయనా" అని, తిరుగు ప్రయాణానికని చేసి వుంచిన సున్నుండల డబ్బా వారం ముందుగానే సంచీలో పెట్టింది.

వాడు గల్ఫులో విమానం మారేసరికి మరో కబురు వచ్చింది. ఆ లక్ష డాలర్లు కొత్త దరఖాస్తులకేనట! ఇప్పటికే వీసా వున్నవాళ్ళకు అక్కర లేదట! ఆదివారం పురోహితుడు వచ్చాడు. చెల్లెమ్మగారు స్వయంపాకం ఇచ్చి, నమస్కారం పెట్టి పంపేసింది. ఆ ముక్కేదో ముందు రోజే విడమరచి చెప్పివుంటే ఎవరి సొమ్ము పోయేది?

వాళ్ళ దేశం వాళ్ళది, కాదనను. మన ఇంటికి ఎవరు రావాలో మనం నిర్ణయించుకోమా? తమ పిల్లలకు ఉద్యోగాలు కావాలని వాళ్ళు కోరుకోవడమూ తప్పు కాదు. నా గోడల్లా వ్యవధి గురించే.

అంతకు నెల ముందే ఇలాంటి గోడు ఇంకొకటి విన్నాను. నా దగ్గర చదువుకున్న ఒకడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. మన సరుకు మీద అమెరికా సుంకం ఆగస్టు 7 నుంచి 25 శాతం అయింది. రష్యా నుంచి చమురు కొంటున్నామని ఇంకో 25 శాతం కలిపి, 27వ తేదీ నుంచి 50 చేశారు. రొయ్య మీద అంతకుముందే వున్న సుంకాలు వీటికి అదనం. మన ఎగుమతి రొయ్యలకు అతి పెద్ద ఖాతాదారు ఆ దేశమే.

"మాస్టారూ, రష్యా నూనె కొన్నామని జురమానా ఏసినారట. నా రొయ్యలేటి ఆ నూనె తాగినాయా?" అన్నాడు వాడు.

నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాను. సుంకం కట్టేది అక్కడ దిగుమతి చేసుకునేవాడే. ఆ భారంలో కొంత ఇక్కడ కొనేవాడు రైతు ధరలో కోస్తాడు. రెండో తాఖీదుకు మూడు వారాల వ్యవధి ఇచ్చారు, నిజమే. కాని వెనామీ పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పిల్ల వదిలిన నాడు ఒక లెక్క, పట్టే నాటికి ఇంకో లెక్క. పట్టకుండా ఆపుదామంటే రోజూ మేత వేయాలి, ఏరేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి. "పిల్ల వదలకముందు సెప్పుంటే సెరువు ఎండగట్టుకుందును కదా" అన్నాడు.

వాడికి నేనే ఒకప్పుడు చరిత్ర పాఠం చెప్పాను. తమకు ప్రాతినిధ్యం లేని సభ తమమీద పన్ను వేయడమేమిటని 1773లో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పారబోసినవారు ఆ అమెరికావారే! వాడికా పాఠం గుర్తు లేదు, బతికిపోయాను.

పోనీ, ఓటున్నవాడైనా సుఖంగా వున్నాడా? దీపావళినాడు మా అబ్బాయిగారు ఫోను చేసి వాళ్ళ పక్కవాటా ఆవిడ సంగతి చెప్పాడు. ఆవిడ విమానాశ్రయంలో సామాను తనిఖీ ఉద్యోగి. ఖర్చుల బిల్లు మీద అక్కడి రెండు పార్టీలకూ పొత్తు కుదరక, అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు, 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. ఆవిడ మాత్రం జీతం లేకుండానే డ్యూటీకి వెళ్ళింది. వీడు సున్నుండలు పట్టుకెళ్ళి ఇస్తే తింటూ, "నీకు ఓటు లేదు కనుక నిన్నెవరూ అడగలేదు. నేను ఓటు వేశానే, నన్ను మాత్రం ఎవరడిగారు?" అన్నదట.

ఆ మాట చెల్లెమ్మగారికి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి పంచాంగం పట్టుకొచ్చింది.

"ఇదుగో అన్నయ్యగారూ, సెప్టెంబరు 7న పట్టిన చంద్రగ్రహణం ఉగాదినాడే ఇందులో వుంది. ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో నిమిషాలతో సహా రాశారు. రాహువంతటివాడే ముందుగా చెప్పి మరీ పడుతున్నాడే! ఆ అమెరికా దొరగార్లకు ఒక పంచాంగం వుండదా?"