చేత్తో నేర్వాల్సిన చదువు

అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపింది కొయ్యూరులో. భోగాపురం విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే. అక్కడ లేచే విమానం గాల్లో ఎలా నిలుస్తుందో కొయ్యూరు మండలంలోని మూడో తరగతి పిల్లలు తమ చేతులతో చేసి తెలుసుకోవాలని నా కోరిక. దానికి ల్యాబు అక్కర్లేదు. అటల్ టింకరింగ్ ల్యాబులు ఎలాగూ ఆరో తరగతి నుంచే. అప్పటిదాకా ఆగమంటే ఆసక్తి ఆగుతుందా? రైట్ సోదరులకు తండ్రి ఎగిరే బొమ్మ తెచ్చిచ్చింది 1878లో. విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడు. బెండు, వెదురు, కాగితం, రబ్బరు బ్యాండు, అంతే ఆ బొమ్మ. వెదురు మన్యంలో కొనాల్సిన వస్తువు కాదు.

మొదలు మాత్రం కాగితంతోనే. నోటుబుక్కు కాగితాన్ని సన్నగా చించి, పై సగాన్ని నడిమికి కోసి, ఒక రెక్కను ఇటు, ఇంకోదాన్ని అటు మడవాలి. అడుగున జెమ్ క్లిప్పు పెట్టి బెంచీ మీంచి వదిలితే గిర్రున తిరుగుతూ దిగుతుంది. అంతే కాగితాన్ని, అలాంటి క్లిప్పుతోనే ఉండచుట్టి వదిలితే టప్పున పడుతుంది. బరువు ఒకటే అయినా తేడా ఎందుకొచ్చింది? రెక్కల్ని అటుదిటు మారిస్తే ఎటు తిరుగుతుంది? ఇది వదలకముందే పిల్లల్ని అడగాలి, వాళ్లు చెప్పింది బోర్డు మీద రాయాలి. తర్వాత అడవి నుంచి వేగిస కాయలు తెప్పించాలి. గింజ చుట్టూ పల్చటి రెక్క ఉంటుంది. ఒకదాని రెక్క తుంచి, ఇంకోదాన్ని అలాగే ఉంచి, రెంటినీ కలిపి వదిలితే చెట్టు తన గింజల్ని దూరం పంపే పద్ధతి తెలిసిపోతుంది.

కాగితం విమానం వంతు వచ్చినప్పుడు ఒక నియమం గట్టిగా పాటించాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెక్క వెనక అంచును కాస్త పైకి వంచితే ముక్కు లేస్తుంది. మరీ వంచితే నిట్టనిలువుగా లేచి, ఊపు పోయి కూలుతుంది. అంచూ, ముక్కుకు పెట్టిన క్లిప్పూ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

రెక్క మీది గాలి ఎక్కువ దూరం పోవాలి గనుక పరుగెత్తి కింది గాలిని కలుసుకుంటుందని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. అది తప్పు. పై గాలి ముందే వెళ్లిపోతుంది, రెండూ కలుసుకోవు. చిన్న పిల్లలకు నిజమే సులువు. రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. అట్టముక్కను ముందంచు కాస్త పైకుండేలా వాలుగా పట్టుకుని మైదానంలో పరుగెత్తమంటే చాలు, చెయ్యి పైకి లేస్తుంటే పిల్లలే అరిచి చెబుతారు.

అయిదు తరగతులకూ ఒక్కరే టీచరున్న బడికి ఇంతకన్నా అనువైన పాఠం నాకు తోచదు. పెద్దవాళ్లు లెక్కపెడతారు, చిన్నవాళ్లు మడుస్తారు. పని చేతులది గనుక ఇంట్లో కువి, ఒడియా మాట్లాడే పిల్లలు కూడా ఈ పాఠంలో వెనకబడరు. ముందు స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఓ గంట టీచర్లే కాగితాలు మడిచి చూడాలి. పిల్లలు చేశాకే విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 మ్యూజియానికి తీసుకెళ్లాలి. ఆ నౌకాదళ విమానం 2017 నుంచి అక్కడే ఉంది. దాని రెక్కల వెనక, తోక దగ్గర కదిలే పలకలు ఎందుకున్నాయో అప్పుడు టీచరు చెప్పనక్కర్లేదు, పిల్లల్ని అడిగితే చాలు.