బండి తనను తానే ఛార్జి చేసుకొంటుందా?

అయ్యా,

కరెంటు కారు నడుస్తూనే తన బ్యాటరీ నింపుకొంటుందని మా బజారులో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. చక్రానికి డైనమో బిగిస్తే చాలునట! సైకిలు డైనమోతో రాత్రివేళ తొక్కినవారికి తెలియదా, దీపం వెలగగానే పెడలు బరువెక్కేది? ఆ వెలుగు మన కాళ్ళ సత్తువే. తారాతారిణి కొండ దిగేటప్పుడు మాత్రం మోటారే డైనమోగా మారి, బండి వేగం తగ్గిస్తూ, ఎక్కుటకైన ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంది. కొంతే సుమండీ, గాలికీ, చక్రాల రాపిడికీ పోయినది రాదు. బరంపురం దాకా ఆగకుండా పోయే చదును రోడ్డుపై ఆ లాభమూ స్వల్పమే. ఈ బజారు మాట నమ్మి, అప్పుచేసి బాడుగకు కరెంటు బండి కొనదలచినవారు ముందు ఇంటివద్ద ఛార్జింగు వసతి చూచుకోవలెను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పురుషోత్తంపూర్ (గంజాం జిల్లా)