దినమునకొక లెక్క



పదునైదు చుక్కలు పెట్టి, సందుచుక్కగా ఎనిమిది వఱకు దింపిన ముగ్గులో వరుసలెన్ని యని యడిగినచో, కాగితము పట్టకయే పదునైదని చెప్పగలవారు మనలో ననేకులు గలరు. ఇట్టి మనకు, నేడు దినపత్రికలలోను సెల్‌ఫోనులలోను ప్రతిదినము వచ్చుచున్న అంకెల చిక్కులు పరాయివి కావు. ఈ మాసము వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

వీనిలో సుడోకు మిక్కిలి ప్రసిద్ధము. అందు అంకెలున్నను లెక్క లేదు; అంకెలకు బదులు అక్షరముల నుంచినను ఆట సాగును. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారములతో నడచు చిక్కు మఱియొకటి కలదు. దాని పేరు కెన్‌కెన్. జపాను దేశపు ఉపాధ్యాయుడగు తెత్సుయా మియామోతో తన విద్యార్థుల కొఱకు 2004లో దీనిని కల్పించెను. గురువు సర్వమును విప్పి చెప్పక, శిష్యులే యాలోచించి తెలిసికొనునట్లు చేయవలెనని ఆయన మతము. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2009 నుండి దీనిని ప్రకటింప మొదలిడెను.

దీని విధానము సులభము. నిలువున నాలుగు, అడ్డముగ నాలుగు గదులు గల చదరమును గీయుడు. ప్రతి నిలువు వరుసలోను, ప్రతి యడ్డు వరుసలోను 1 మొదలు 4 వఱకు గల యంకెలు ఒక్కొక్కమాఱే రావలెను. కొన్ని గదులను గుంపుగా చుట్టి, ఆ గుంపులోని యంకెల నేమి చేసిన నెంత వచ్చునో మూల వ్రాసియుందురు. పై వరుసలో మొదటి రెండు గదులు ఒక గుంపనియు, వాని హెచ్చవేత 12 అనియు ననుకొందము. ఈ యంకెలలో 12 నీయగలవి 3, 4 మాత్రమే. వానిలో నేది ముందో తెలియదు. అయినను మిగిలిన రెండు గదులలో 1, 2 ఉండవలెనని తేలినది. మూడవ నిలువు వరుసలో క్రింద నిదివఱకే 1 ఉన్నచో, పై వరుస మూడవ గదిలో 2, నాలుగవ గదిలో 1 వ్రాయవచ్చును. మఱియొక కిటుకు: ప్రతి వరుస మొత్తము 10. మూడు గదుల మొత్తము 7 అయినచో నాలుగవది 3. ఇందు అదృష్టమునకు చోటు లేదు. కారణము లేక ఒక్క యంకెయు వ్రాయరాదు.

ఇట్టి వినోదము మన పెద్దలకును తెలియును. పావులూరి మల్లన 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలో రచించెను. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో, ఒక బాలికను సంబోధించి లెక్క లడిగెను. మేము బడికి పోక తాతగారియొద్ద అమరము వల్లించుచు, ఆ గ్రంథములోని విలోమవిధిని నేర్చితిమి. తుదినుండి మొదటికి వెనుకకు నడచుటయే ఆ విధి. కూడినచోట తీసివేయవలెను, హెచ్చించినచోట భాగింపవలెను. ఒక సంఖ్యను 3చే హెచ్చించి, 6 కూడి, సగము చేసి, 5 తీసివేయగా 10 మిగిలిన దనుకొందము. వెనుకకు నడువుడు: పదికి ఐదు కూడిన 15, రెట్టించిన 30, ఆఱు తీసివేసిన 24, మూడుచే భాగించిన 8. అదియే మొదటి సంఖ్య.

ఆడుదానిని పిలిచి లెక్క యడిగిన గ్రంథము గల దేశములో, ఆడువారికి లెక్కలు రావను మాట యిప్పటికిని వినబడుచున్నది. మా వీధిలో పదవ తరగతి చదువు బాలిక యొకతె ఇంటరులో గణితము లేని శాఖలో చేర నిశ్చయించినది. ఆ శాఖపై మక్కువచేత గాదు, లెక్కలన్న భయముచేత. ఆమె తల్లి, “మా ఇంటి ఆడవాళ్లకు లెక్కలు రావండీ” యని నవ్వెను. ఆ యిల్లాలే పాలవాని బాకీని, చీటీ వాయిదాలను, నూటికి రెండు రూపాయల వడ్డీని నోటనే కట్టి చెప్పగలదు! మేము ఆ బాలికకు తొమ్మిది గదుల చిన్న చిక్కులను దినమున కొకటి యిచ్చుచున్నాము. మొదట తప్పునేమో యని పెన్సిలు పట్టుటకే జంకినది. ఇప్పుడు “ఇక్కడ రెండు రాదు, ఎందుకంటే” అని తానే కారణము చెప్పుచున్నది. ఏ శాఖ నెన్నుకొనుటయో ఆమె యిష్టము. ఆమెకు బదులు భయము ఎన్నుకొనరాదని మా కోరిక.

మీ యిండ్లలోను దినమునకొక చిక్కు విప్పి చూడుడు. పెన్సిలుతోనే వ్రాయుడు. గడియారముతో పందెము వేయకుడు. బిడ్డలు తడబడినపుడు అంకె చెప్పివేయక, అచ్చట ఏది రాజాలదో అడుగుడు. చిక్కు విడకున్న మఱునాటికి విడిచిపెట్టుడు. రాత్రి విడనిది ఉదయమున విడుట కలదు.

ఈ నెల లెక్క: ఒక యిల్లాలు మామిడిపండ్లు తెచ్చి, సగము పొరుగింటి కిచ్చెను. మిగిలినవానిలో మూడవవంతు పిల్లలకు పెట్టెను. పిదప మిగిలినవానిలో నాలుగు దేవునికి నైవేద్యమునకు తీసియుంచగా ఆఱు మిగిలెను. ఆమె తెచ్చిన పండ్లెన్ని? వెనుకకు నడచునపుడు మూడవవంతుకడ జాగ్రత్త. పిల్లలకు పెట్టినదెంతో కాదు, పెట్టగా నిలిచినదెంతో చూడవలెను. జవాబు వచ్చు మాసము.