ఓటీపీ చెప్పేముందు ఒక్క నిమిషం

పోయిన మే నెలలో ఓ శనివారం. హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగ్ మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. తెనాలి నుంచి అమ్మ. “నాన్నా, ఫ్రిజ్ వాళ్లొచ్చార్రా. నీకేదో నంబరొచ్చిందంట, చెప్పాలంట” అంది. వెనక నుంచి ఇంకో గొంతు, “తొందరగా చెప్పించండమ్మా, ఇంకా నాలుగిళ్లకి వెళ్లాలి” అంటోంది. ఫోన్‌కొచ్చిన ఓటీపీ చూసి గబగబా చదివేశాను. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. దాని ఫలితం మాత్రం పదహారు రోజులు అనుభవించాం.

ఆ ఫ్రిజ్ నా జీతంతో అమ్మకి కొన్న మొదటి పెద్ద వస్తువు. 27,490 రూపాయలు, ఆరు నెలల ఈఎంఐ. నాన్న ఉన్నప్పుడు కొన్న పాత ఫ్రిజ్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం. కొత్తది దించినవాళ్లే పాతది బండెక్కించుకుని వెళ్లిపోయారు. సాయంత్రం నేనే ఫోన్ చేసి “ఎలా ఉందమ్మా?” అంటే “బానే ఉందిరా” అంది. ఆ గొంతు నాకు తెలుసు కదా. వీడియో కాల్ చెయ్యమన్నాను. తలుపు మీద అరచేతి వెడల్పున సొట్ట. వెనక కింది మూల నొక్కుకుపోయి ఉంది. “నువ్వు బాధపడతావని చెప్పలేదు. సొట్ట మీద కేలండర్ తగిలిస్తే కనపడదులే” అంది.

కేలండర్‌తో సొట్ట కనపడకుండా పోవచ్చు. కానీ రాత్రంతా ప్లగ్‌లో ఉన్నా లోపల నీళ్ల సీసా చల్లబడలేదు. అమ్మ షుగర్ పేషెంట్. ఆ మే ఎండల్లో ఇన్సులిన్ బయట పెట్టే వీల్లేదు. పాత ఫ్రిజ్ లేదు, కొత్తది పనిచెయ్యదు. పక్కింటి పిన్ని గారి ఫ్రిజ్‌లో, కరివేపాకు డబ్బా పక్కన పెట్టుకున్నాం. రోజూ రెండు పూటలా అన్నానికి ముందు అమ్మ వాళ్ల తలుపు కొట్టాలి. ఎవరినీ చెయ్యి చాచి అడగని మనిషి. నాకు సొట్ట కన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

కస్టమర్ కేర్‌కి చేస్తే ఏమన్నారంటారు? “సర్, ఓటీపీ కన్‌ఫర్మ్ అయింది, డెలివర్డ్ అని చూపిస్తోంది. బ్రాండ్ వాళ్లని అడగండి.” సోమవారం బ్రాండ్ టెక్నీషియన్ వచ్చాడు. “ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు. అమ్మినవాళ్లని అడగండి” అన్నాడు. అమ్మినవాళ్లు రవాణా వాళ్ల మీదికి తోశారు. నాలుగో రోజుకి చాట్‌లో ఒకాయన 2,000 రూపాయల కూపన్ ఇస్తాం, కంప్లయింట్ క్లోజ్ చేసుకోమన్నాడు. అమ్మ “తీసేసుకోరా, గొడవెందుకు” అంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్క క్షణం తీసేసుకుందామనిపించింది.

అప్పుడు కూర్చుని చట్టం చదివాను. చదివాక తెలిసింది ఏంటంటే, నన్ను ఇన్ని గుమ్మాలు తిప్పాల్సిన అవసరమే లేదు. నేను డబ్బు కట్టింది అమ్మకందారుకి. వస్తువు దారిలో పాడైతే రవాణా వాళ్లతో తేల్చుకోవాల్సింది అతను, నేను కాదు. వారంటీ అనేది తయారీలో లోపం ఉంటే పనికొచ్చేది. దారిలో తగిలిన దెబ్బ దాని కిందికి రాదన్న టెక్నీషియన్ మాట నిజమే. కానీ అంతటితో మన దారి మూసుకుపోదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగివ్వననడానికి ఆన్‌లైన్ అమ్మకందారుకి వీల్లేదు. ఓటీపీ అంటే పెట్టె అందిందని చెప్పడమే. లోపలిది బాగుందని ఒప్పుకున్నట్టు కాదు.

షాపులో కొన్నా ఇంతే. “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని గోడ మీద ఎంత పెద్దక్షరాలతో రాసినా, లోపమున్న సరుకు విషయంలో ఆ బోర్డు చెల్లదు. బిల్లు మీద రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోతే, దాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.

కూపన్ వద్దన్నాను. ఫోన్లు ఆపేసి రాతలోకి దిగాను. ప్రతి ఈ-కామర్స్ సంస్థకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. పేరు, వివరాలు యాప్‌లోనే అడుగున ఎక్కడో ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. బిల్లు, ఫొటోలు, టెక్నీషియన్ ఇచ్చిన జాబ్ షీట్ జత చేసి మెయిల్ పెట్టాను. కొత్తది కావాలి, లేదంటే పూర్తి డబ్బు, రెండే మాటలు. “అందింది” అని జవాబొచ్చింది. అంతే, ఇంకేం కదల్లేదు.

ఎనిమిదో రోజు 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఓ నంబరిచ్చి ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. ఒకటి గుర్తుంచుకోండి, అది కోర్టు కాదు. తీర్పులివ్వదు. మన ఫిర్యాదుని కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. మా విషయంలో అది సరిపోయింది. మూడు రోజుల తర్వాత, అంతకుముందు “పాలసీ ఒప్పుకోదు సర్” అన్న కంపెనీ నుంచే ఫోనొచ్చింది, రీప్లేస్‌మెంట్ పంపుతున్నామని.

రాకపోయుంటే? జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాళ్లం. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. వస్తువు ధర 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్లో ఫోన్ నుంచే దాఖలు చెయ్యొచ్చు. కాకపోతే తీర్పుకి నెలలు పట్టొచ్చు. ఇన్సులిన్ అన్ని నెలలు పక్కింట్లో ఉండలేదు కదా. అందుకే చేతులు కాలకముందే ఈ కింది పనులు చేసుకోండి.

పెట్టె విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తియ్యండి. విప్పుతుంటే మధ్యలో ఆపకుండా వీడియో తియ్యండి. వెనక్కి తిప్పి కూడా చూడండి, ఫ్రిజ్‌కి ప్రాణం వెనకే ఉంటుంది. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి. దెబ్బ కనిపిస్తే ఓటీపీ చెప్పకండి, తీసుకోకుండా తిప్పి పంపండి. సంతకం చెయ్యాల్సొస్తే కాగితం మీదే “పెట్టె నలిగి ఉంది” అని రాసి చెయ్యండి. తర్వాత చూసుకున్నా సరే, ప్లగ్ పెట్టకుండా ఆ రోజే యాప్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. అట్టపెట్టె, థర్మాకోల్ పారెయ్యకండి. టెక్నీషియన్ నోటిమాట కాదు, జాబ్ షీట్ అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కొత్తది పనిచేస్తుందని తేలేదాకా పాతది ఇవ్వకుండా ఉండగలిగితే ఉండండి. ఎక్స్చేంజ్‌లో కాస్త తగ్గినా ఫర్వాలేదు.

డెలివరీకి వచ్చే కుర్రాళ్ల మీద మాత్రం అరవకండి. వాళ్లకీ ఆ పూట ఇంకా నాలుగిళ్లు నిజంగానే ఉంటాయి. నెమ్మదిగా చెప్తే ఆగుతారు. నేనా రోజు చెప్పలేదు, అదే నా తప్పు.

పదహారో రోజు కొత్త ఫ్రిజ్ వచ్చింది. ఈసారి ఓటీపీ చేతిలో పట్టుకుని వీడియో కాల్‌లో నేను రెడీగా ఉన్నాను. కానీ నాకు మాట్లాడే అవకాశమే రాలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, మజ్జిగ గ్లాసులు ఆ ఇద్దరి చేతికిచ్చి అంటోంది, “ముందు తాగండి నాయనా, తర్వాత విప్పండి. నంబరు మా అబ్బాయి దగ్గరుంది. నేను వెనక కూడా చూశాకే చెప్తాడు.”