లాభమివ్వని పువ్వు, మన శీలం

సైప్రస్ ద్వీపంలో తప్ప భూమిపై మరెక్కడా సహజంగా మొలవని ఆర్కిడ్ ఒకటుంది: ఓఫ్రిస్ కోట్చియి. చలి వెనుకబట్టే వేళ, పచ్చిక బీళ్లలో, పొట్టి ముళ్లపొదల నడుమ, పలుచని పైన్ వనాల్లో అది పూస్తుంది. నలుపు తిరిగిన దళంమీద తెల్లని రేఖలతో, భ్రమరమే వాలిందా అనిపిస్తుంది. ఇళ్లు, హోటళ్లు, రహదారులు విస్తరించిన కొద్దీ దాని నెలవులు తరిగిపోతున్నాయి. పోతే పోయింది, ఒక్క పువ్వేగా అందామా?

ఆ ఒక్క పువ్వు వెనుక ఎన్ని ప్రాణాల అనుబంధం! ఆడ భ్రమరం రూపాన్నీ పరిమళాన్నీ అది అనుకరిస్తుంది. ఆ మోహంలో వాలిన మగ భ్రమరమే పుప్పొడి మోయాలి. ధూళివంటి దాని విత్తనంలో అంకురానికి ఆహారముండదు. నేలలోని శిలీంధ్రం పోషిస్తేనే మొలక. భ్రమరం లేనిదే ఫలం లేదు, శిలీంధ్రం లేనిదే జన్మ లేదు, ఆ నేల లేనిదే ఏదీ లేదు. యుగాల ఈ అల్లికను ఒక్క పూటలో పెకలించే అధికారం మనకెవరిచ్చారు?

దోషి ఎవరు? ఆ నేలను తవ్వే యంత్రం నడిపినవాడొక్కడేనా? ఆ ద్వీప తీరంలో విడిది కోరినవారు కారా? అపురూపమని దుంపతో సహా తవ్వుకుపోయేవారు, ఫొటో కోసం పక్క మొక్కను మోకాలికింద నలిపేవారు కారా? దూరాన కూర్చుని ‘మనకేం’ అనుకున్న మనం నిర్దోషులమా? మన చెరువును ప్లాట్లుగా చూసే కంటికీ, ఆ పువ్వు పూసే గుట్టను ఖాళీ స్థలంగా చూసే కంటికీ భేదమేముంది?

వ్యాధి మూలం మన విలువల్లోనే ఉంది. ఉపయోగపడేదే విలువైనదని పిల్లలకు నేర్పాం. ధర పలకనిది దండగన్నాం. వృద్ధులనూ, దుర్బలులనూ, మూగజీవులనూ ఆ త్రాసులోనే తూచాం. మనకేమీ ఇవ్వలేనిదానిపట్ల మనమెలా నడుచుకుంటామన్నదే శీలానికి గీటురాయి కదా!

సైప్రస్ 2004లో ఐరోపా సమాఖ్యలో చేరింది. సమాఖ్య ఆవాస రక్షణ శాసనం ఈ పువ్వును ప్రాధాన్య జాతుల్లో చేర్చింది. అయితే శాసనం ప్రతి గుట్టమీదా కాపలా కాయగలదా? కాయవలసింది మన అంతరాత్మ. పూసినచోటే చూసి మురిసి, తాకక మరలే సంయమం. ‘ఈ నేలను వదిలేద్దాం’ అని లాభానికి ఎదురు నిలిచే ధైర్యం. వీటిని ఏ శాసనమూ ప్రసాదించలేదు, మనమే అలవరచుకోవాలి.

అసాధ్యమనకండి. దురాశ మనం నేర్చుకున్న గుణం, నేర్చినదాన్ని మానుకోగలం. నాశనానికి చాలిన చేతులు రక్షణకు చాలవా? చాలుతాయి. అడగనిదాని పక్షాన నిలిచే మనుషులుగా మనం మారాలి, మారగలం, మారి తీరతాం.