నేల తెలిసినవాళ్లని అడగండి!

"సార్‌ని పంపించండి మేడమ్. ఆయనకైతే వివరంగా చెప్తాం."

ఈ మాట మీరెన్నిసార్లు విని ఉంటారు? నీళ్ల మోటారు కొనడానికి వెళ్లినా ఇదే మాట, ఇన్వర్టరు కొనడానికి వెళ్లినా ఇదే మాట. పోయినేడు వేసవిలో వీల్ డాలీల కోసం వెళ్లినప్పుడు నాకూ ఇదే ఎదురైంది. నవ్వేసి ఊరుకుని వచ్చాను. అలా ఊరుకోవడమే నేను చేసిన తప్పు.

వీల్ డాలీలంటే ఏవో అనుకోకండి. మన వంటింట్లో గ్యాస్ సిలిండరు కింద చక్రాల స్టాండు ఉంటుంది కదా, అలాంటిదే. కాకపోతే కారు ఒక్కో టైరు కింద ఒక్కోటి పెట్టాలి. నాలుగు టైర్ల కిందా నాలుగు పెడితే స్టార్టు కాని కారుని కూడా ముందుకీ వెనక్కే కాదు, పక్కకి కూడా జరపొచ్చు. ఇరుకు పోర్టికోలున్న ఇళ్లకి ఇది వరమే. వరం ఎప్పుడు శాపమవుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మాది కాకినాడలో పాత ఇల్లు. పోర్టికోలో మావయ్యగారి మారుతి 800 ఉంటుంది. 1983లో మొదలైన ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. మావయ్యగారూ లేరు. కానీ కారు అమ్మేద్దామంటే అత్తయ్య ఒప్పుకోరు. "నా తరవాత మీ ఇష్టం" అంటారు. ఆ మాట తరవాత ఎవరం మాత్రం ఏమంటాం? అయితే నీళ్ల సంపు మూత సరిగ్గా ఆ కారు కిందే ఉంది. సంపు కడిగించాలన్నా, మోటారు పైపు చూడాలన్నా వీధిలో నలుగురు కుర్రాళ్లని బతిమాలుకోవాలి. మావారి ఉద్యోగం విశాఖలో. శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. సంపేమో ఆదివారం దాకా ఆగదు!

నా గోడు విని మావారే ఒక సెట్టు తెచ్చారు. చవకే. రేకు పీటలు, కింద చిన్న చిన్న ఇనుప చక్రాలు. పెట్టె మీద ఎంత బరువు ఆపుతుందో రాసి ఉంది. "మన కారు 650 కిలోలేగా, సరిపోతుంది" అన్నారు. నిజమే, బరువు లెక్క సరిపోయింది. సరిపోనిది నేల.

మా పోర్టికోలో జారకుండా ఉండాలని గళ్ల టైల్స్ వేయించాం. వాన నీళ్లు వీధిలోకి పోవడానికి గేటు వైపు వాలు పెట్టించాం. అక్కడే వచ్చింది చిక్కంతా. జాకీతో ఎత్తి నాలుగు పీటలూ పెట్టేసరికి గంట పట్టింది. ముందు చక్రాలు గళ్లలో ఇరుక్కున్నాయి. మావారూ మరిదీ గట్టిగా తోశారు. ఒక టైలు పటుక్కున పగిలింది. ఆ మరుక్షణం కారు కదిలింది, గేటు వైపు! "హ్యాండ్ బ్రేకు వెయ్యి, హ్యాండ్ బ్రేకు" అని ఒకటే కేకలు. బ్రేకు వేసే ఉంది. వేసి ఏం లాభం? బ్రేకు కారు చక్రాన్ని ఆపుతుంది గానీ ఆ చక్రం కింద పెట్టిన చక్రాల్ని ఆపదు కదా.

గేటుకి కొట్టుకుని ఆగింది కారు. గేటు వంగింది. అంతకు అయిదు నిమిషాల ముందు దాకా అత్తయ్య ఆ గేటు దగ్గరే ముక్కాలిపీట వేసుకుని చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చున్నారు. కాఫీ చల్లారిపోతోందని నేనే లోపలికి పిలిచాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఒకటే తోచింది. ఆ నేల ఎటు వాలుగా ఉందో ఆ ఇంట్లో అందరికంటే ఎవరికి బాగా తెలుసు? రోజూ బకెట్టు నీళ్లు కుమ్మరించి చీపురుతో తోసే నాకు. ఏ టైలు కింద బోలుగా ఉందో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో ముగ్గు వేసేటప్పుడు కనిపెట్టేది నేను. కానీ నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అది మగవాళ్ల సామానని ఊరుకున్నాను.

ముందు నేల, తరవాతే సామాను

అందుకే చెబుతున్నాను. డాలీలు కొనాలనుకుంటే ముందు దుకాణానికి కాదు, మీ పోర్టికోలోకి వెళ్లండి. చెంబుడు నీళ్లు పొయ్యండి. నీళ్లు పరుగెడితే ఆ చోట డాలీల మాటే వద్దు. పిల్లల గోలీ ఒకటి పెట్టి చూడండి. గోలీ దొర్లే చోట కారూ దొర్లుతుంది. నున్నటి, గట్టి, సమమైన నేల మీదే వీటికి పని. గళ్ల టైల్స్, బండల మధ్య సందులు, ఇసక, మట్టి పనికిరావు.

ఇంకో సంగతి. కారు టైరు నేలకి అరచేతంత మేర ఆనుతుంది. డాలీ చక్రం ఆనేది వేలి కొసంత. బరువంతా ఆ కాస్త చోటే పడుతుంది కాబట్టి బోలుగా ఉన్న టైలు పగులుతుంది. సంపు మూత మీదుగా వీటిని పొరపాటున కూడా దొర్లించకండి.

ఇక బరువు లెక్క. కారు మొత్తం బరువుని నాలుగుతో భాగించి సరిపెట్టుకోకూడదు. ఇంజను ముందున్న కార్లలో బరువు ముందు చక్రాల మీదే ఎక్కువ, ఇంచుమించు నూటికి అరవై వంతులు. 650 కిలోల చిన్న కారుకే ముందు చక్రం ఒక్కోటి సుమారు 200 కిలోలు మోస్తుంది. పెద్ద డీజిల్ బళ్లు 1,700 కిలోలు కూడా దాటుతాయి. అప్పుడు ముందు చక్రం ఒక్కోదాని మీదా 500 కిలోల పైమాటే. పెట్టె మీద రాసిన బరువు ఒక్కో డాలీకా, నాలుగింటికీ కలిపా అని నిలదీసి అడగండి. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే పీటకున్న నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది, భారం మిగతావాటి మీద పడుతుంది. అందుకని కావలసినదానికి ఒకటిన్నర రెట్లు ఆపేదైనా తీసుకోవడం మంచిది.

చక్రాలు ఎంత పెద్దవైతే అంత తేలిగ్గా దొర్లుతాయి. ఇనుప చక్రాలు నేలని గీరేస్తాయి. పాలీయూరిథేన్ తొడుగున్నవి టైల్స్‌కి నయం. ప్రతి చక్రానికీ తాళం ఉందో లేదో, కాలితో నొక్కితే పడుతోందో లేదో దుకాణంలోనే చూడండి.

వీటిలో రెండు రకాలున్నాయి. మామూలు పీటలకి జాకీతో కారు ఎత్తాలి. రెండో రకం టైరుని రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. కాలితో పెడలు తొక్కుతుంటే టైరు దానంతటదే పైకి లేస్తుంది. ఖరీదు ఎక్కువే. కానీ జాకీతో కుస్తీ పట్టలేని ఇంటికి అదే మేలని నా అభిప్రాయం. కొనేముందు మీ టైరు వెడల్పూ ఎత్తూ కొలుచుకు వెళ్లండి. ఏ రకమైనా, ఒక చక్రం ఎత్తేటప్పుడు నేల మీదున్న చక్రాలకి ఇటుకలో చెక్కలో అడ్డు పెట్టడం మరవకండి. జాకీ మీదున్న కారు కిందకి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఇంట్లో ఉంచి తలుపు వెయ్యండి.

"ఇంత గొడవ ఎందుకమ్మా, బ్యాటరీ మార్చి కారు నడిపిస్తే పోదా?" అంటారేమో. నడిచే కారైతే నిజంగా అదే మంచి పద్ధతి. కొనకపోవడం కూడా ఎంపికే. మా కారుకి బ్యాటరీ ఒక్కటే కాదు, ఇంజనూ మూలపడింది. అందుకే మేం ముందు మేస్త్రీని పిలిచాం. సంపు చుట్టూ టైల్స్ తీయించి, నున్నగా సమంగా సిమెంటు చేయించాం. వాలు మొదలయ్యే చోట అడ్డంగా చిన్న గట్టు కట్టించాం. ఆ తరవాతే పెడలు రకం కొన్నాం. ఈసారి దుకాణానికి నేనే వెళ్లాను, కొలతల కాగితం చేత్తో పట్టుకుని. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడా అబ్బాయి. "కారు జరిపేది నేను బాబూ, నాకే చెప్పు" అన్నాను. చెప్పాడు, శుభ్రంగా అన్నీ చెప్పాడు!

మొన్న బుధవారం సంపు కడిగించాం. నేనూ, పనిలో సాయానికొచ్చే అమ్మాయీ కలిసి కారుని నాలుగడుగులు పక్కకి జరిపాం. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూశారు. "మీ మావయ్య ఉంటే తోయడానికి వీధంతా కేకేసేవారు" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

ఇంట్లోకి వచ్చే ప్రతి సామానూ ఎవరు కొన్నా, దానితో పగలంతా వేగేది మనమే. అలాంటప్పుడు కొనే ముందు మన మాట వినాలా, వద్దా? వాళ్లు అడిగే దాకా ఆగకండి. మీరే చెప్పండి. నాలా గేటు వంగే దాకా ఊరుకోకండి.