‘బిజీ’ అని కనిపిస్తే చాలు

ఆ మధ్య పొద్దున్నే స్టాండప్ కాల్‌లో మా టీమ్‌లో ఒకతను అడిగాడు: ‘‘అమ్మగారి బయాప్సీ రిపోర్ట్ వచ్చిందా బ్రో?’’

నాకు నోట మాట రాలేదు. ఆ సంగతి నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ తెలీదు. అమ్మకి మామూలు టెస్టేనని చెప్పాం. అతనిది అమలాపురం, మా పిన్ని వాళ్ల వీధే. సాయంత్రానికల్లా పిన్ని నుంచి అమ్మకే ఫోన్!

తప్పు నాదే. రాజమండ్రిలో ఇంటి నుంచే పని చేస్తాను. ఇంటి పనులున్న టైంలో మీటింగులు పెట్టకుండా ఉంటారని, సొంత గూగుల్ క్యాలెండర్‌ని ఆఫీసు క్యాలెండర్‌కి సింక్ చేసే టూల్ ఒకటి పెట్టుకున్నా. సెట్టింగ్స్ చూడకుండా ఓకే నొక్కేశా. నేను రాసుకున్న టైటిల్ ఉన్నదున్నట్టు అందరికీ కనపడింది.

గోదావరి బ్రిడ్జి మీద రైలు చప్పుడు వింటే ట్రాక్ ఖాళీ లేదని తెలుస్తుంది. లోపల ఎవరున్నారో తెలీదు కదా! ఆఫీసుకి మన క్యాలెండర్ కూడా అంతే తెలియాలి.

టీమ్ చిన్నదైతే టూల్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్ తెరిచి, మీ క్యాలెండర్ ఎంచుకుని, వాళ్ల మెయిల్ ఐడీలు యాడ్ చేసి ‘సీ ఓన్లీ ఫ్రీ/బిజీ’ పెట్టండి. ‘సీక్రెట్ అడ్రస్’ లింకు మాత్రం ఎవరికీ పంపొద్దు. అది ఉన్నవాళ్లకి వివరాలన్నీ కనిపిస్తాయి. ఇప్పటికే పంపేసి ఉంటే రీసెట్ కొట్టండి.

టూలే వాడితే టైటిల్, డిస్క్రిప్షన్, లొకేషన్, గెస్టులు... ఈ నాలుగూ కాపీ కాకుండా ఆపేయండి. టైటిల్ దగ్గర ‘బిజీ’ అన్న మాటొక్కటే పెట్టండి.

‘ప్రైవేట్ అని మార్క్ చేస్తే సరిపోదా?’ అంటారేమో. సరిపోదు. ఐక్యాలెండర్ ప్రమాణంలో 1998 నుంచీ ‘ప్రైవేట్’ గుర్తు ఉంది. కానీ అది తాళం కాదు, ‘దయచేసి చూడొద్దు’ అన్న బోర్డు లాంటిది. దాన్ని పాటించాల్సింది అవతలి సాఫ్ట్‌వేరే. పైగా మీ క్యాలెండర్‌లో మార్పులు చేసే పర్మిషన్ ఉన్నవాళ్లకి గూగుల్‌లో ప్రైవేట్ ఈవెంట్లు కూడా కనిపిస్తాయి. అసలు కాపీయే కాని టైటిల్‌ని ఎవరూ చదవలేరు.

సెట్టింగ్ మార్చాక పాత కాపీలు అలాగే ఉండిపోవచ్చు. అవి డిలీట్ చేసి మళ్లీ సింక్ చేయండి. చివరగా, నమ్మకమైన కొలీగ్‌ని అడిగి అతని స్క్రీన్‌లో ఎలా కనిపిస్తోందో చూడండి. మన స్క్రీన్‌లో ఎప్పుడూ అన్నీ కనిపిస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు.

అమ్మ రిపోర్ట్ బాగానే వచ్చింది. కానీ అది వచ్చేదాకా రెండ్రోజులు ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. బయాప్సీ అన్న మాట పక్కన కూర్చుని నేను చెప్పాల్సింది. పిన్ని ఫోన్‌లో వింది.